ఉదయగిరి చెక్క స్పూను: తినడానికా, కలపడానికా, కొలవడానికా?

ఉదయగిరి చెక్క స్పూన్లు కొన్నవాళ్ల నోట వినిపించేవి రెండే మాటలు. "ఎంత ముద్దుగా ఉందో" అనేది ఒకటి, "నెల తిరక్కుండానే నెర్రె ఇచ్చింది" అనేది రెండోది. రెండూ ఒకే గంపలోంచి తీసిన స్పూన్ల గురించే అయ్యుండొచ్చు. తేడా చెక్కలో కంటే స్పూను అనే మాటలో ఎక్కువుంది. మన ఇళ్లలో ఆ ఒక్క ఇంగ్లీషు మాట నాలుగు పనులు చేస్తోంది. పెరుగన్నం తినేది స్పూనే, కూర కలిపేదీ స్పూనే. "రెండు స్పూన్లు ధనియాల పొడి" అన్నప్పుడు అది కొలత. బిడ్డకు జ్వరం మందు పోసేటప్పుడు మోతాదు. ఉదయగిరి చెక్క వీటిలో ఒకదానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఒకదానికి ఫరవాలేదు, ఒకదానికి పనికిరాదు, చివరిదానికి వాడితే ప్రమాదం. అందుకే మొత్తానికి కలిపి ఒకే మార్కు వెయ్యడం కుదరదు.

తెలుగులో ఈ చిక్కు మొదట్లో లేదు. వడ్డించేదానికి, కెలికేదానికి, తిరగేసేదానికి వేర్వేరు పేర్లున్నాయి: గరిటె, గంటె, తెడ్డు, హస్తం, అట్లకాడ, జల్లిగరిటె. సంధ్యావందనంలో నీళ్లు తీసేది ఉద్ధరిణి. యజ్ఞంలో నెయ్యి పోసే స్రువానికి చండ్ర చెక్క, అక్కడే వాడే ఇంకో గరిటె జుహువుకు మోదుగ చెక్క వాడాలని కూడా శాస్త్రంలో ఉంది. చేత్తో తినేవాళ్లం గనక తినే స్పూనుకే సొంత పేరు లేకపోయింది. చెంచా హిందీ చమ్చా నుంచి వచ్చింది, దాని వెనకే చెంచాగిరీ వచ్చింది. ఆ తర్వాత వచ్చిన స్పూను మిగతా పేర్లన్నిటినీ పక్కకు నెట్టి కూర్చుంది. తమాషా ఏమంటే, ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థం చెక్క పేడు. పాత ఇంగ్లీషులో 'స్పోన్' అంటే కర్ర నరికినప్పుడు లేచే ముక్క. జర్మన్‌లో 'ష్పాన్' అంటే ఇప్పటికీ చెక్క పేడే. ఆ లెక్కన ఉదయగిరి సరుకే అసలైన స్పూను, మన స్టీలుది పేరు అరువు తెచ్చుకున్నది.

సరుకు సంగతికి వద్దాం. ఉదయగిరి నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా సుమారు వంద కిలోమీటర్లు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న దుర్గం ఊరి పక్క కొండ మీదే ఉంది. ఆ చుట్టుపక్కల అడవుల్లో దొరికే నర్ది, బిక్కి, దేవదారి లాంటి కర్రలే ఈ పనికి ముడిసరుకు. ఇక్కడి దేవదారి అంటే హిమాలయాల దేవదారు కాదు, మన పొడి అడవుల్లో పెరిగే చిన్న చెట్టు. చేసేది ఎక్కువగా ముస్లిం కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్లు. ఉదయగిరి చెక్క కట్లెరీకి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా వచ్చింది. ఊళ్లోనే కాక ప్రభుత్వ హస్తకళల లేపాక్షి దుకాణాల్లో, చేతివృత్తుల ఎగ్జిబిషన్లలో దొరుకుతాయి.

దుంగను చీల్చి, మచ్చు పెట్టి గీత గీసి, రంపంతో కోసి, ఉలితో గుంట తీసి, ఆకురాయితో రుద్ది, చివర్లో ఉప్పు కాగితంతో నునుపు చేస్తారు. కొనేవాళ్లకు ఇందులో పనికొచ్చే విషయం ఒకటే: గుంట చేత్తో తీసినది, కాబట్టి ఏ రెండు స్పూన్లలోనూ అది ఒకేలా ఉండదు. చూడ్డానికి అదే అందం. కొలతకు వచ్చేసరికి అదే తంటా తెస్తుంది.

ఒక్క స్పూను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. పిడి పొడుగునా సన్నటి గీతలు కనిపిస్తాయి, అదే చెక్క పోగు. పిడి చివర ఒక గీత మీద గోరు పెట్టి గుంట వైపు జరుపుకుంటూ రండి. గోరు గుంట దాకా వస్తే మంచి స్పూను. మధ్యలోనే గీత పక్క అంచులోంచి బయటికి జారిపోతే ఆ స్పూను అక్కడే విరుగుతుంది, ఎంత ముచ్చటగా ఉన్నా గంపలో పెట్టెయ్యండి. చెక్క పోగు పొడుగునా ఉన్నప్పుడే బలం. పోగు అడ్డంగా పడ్డచోట గట్టి కూర ఒక్కసారి కలిపితే చాలు, టప్పుమంటుంది. పిడి, గుంట కలిసే మెడ దగ్గర ముడి ఉంటే అసలు వద్దు. మెడ మందం పెన్సిలంత ఉంటే, అంటే ఏడు మిల్లీమీటర్లు, అది తినడానికి మాత్రమే. పొయ్యి మీద పనికి దానికి రెట్టింపు కావాలి.

రెండు రంగుల చెక్క చూడ్డానికి బావుంటుంది గానీ జాగ్రత్త. ముదురు రంగుది చేవ, లేతది బయటి తెల్ల చెక్క. ఈ రెండూ ఆరేటప్పుడు ఒకే తీరున ముడుచుకోవు. రంగు మారే గీత పిడి మీద పోతే నష్టం లేదు, గుంట అంచు మీదుగా పోతే నెర్రె అక్కడే మొదలవుతుంది. పచ్చి చెక్కను పట్టేందుకు సులువైన దారి ఉంది: చెంపకు ఆనించి చూడండి. తడి మిగిలిన చెక్క చల్లగా తగులుతుంది, సైజుకు మించి బరువుంటుంది. రెండు స్పూన్లు ఒకదానితో ఒకటి తట్టినా తెలుస్తుంది. ఎండినవి టణ్‌మంటాయి, పచ్చివి బద్‌మంటాయి. చివరగా తడి తెల్లగుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డకు రంగు అంటినా, ముక్కుకు వార్నీషు వాసన తగిలినా అది గోడకు వేలాడదీసుకునే స్పూను, నోట్లో పెట్టుకునేది కాదు. "రంగు, పాలిష్ లేంది చూపించు నా" అని ముందే అడగడం మేలు.

తినే స్పూనుగా దీనికి మంచి మార్కులే పడతాయి. చెక్కలో వేడి చాలా నెమ్మదిగా పాకుతుంది. స్టీలుతో పోలిస్తే సుమారు వందో వంతు, అల్యూమినియంతో పోలిస్తే వెయ్యో వంతు కంటే తక్కువ. పొగలు కక్కే రాగి జావ, చారన్నం పిల్లలు ఈ స్పూనుతో తింటే పెదవి చుర్రుమనదు. ఇబ్బందంతా అంచు మందంతోనే. అంచు రెండు మిల్లీమీటర్లకు మించితే పలచటి పదార్థం పెదవి మీంచి కారుతుంది. చాలా స్పూన్లలో ఈ లోపం ఉంది, ఉలి పని బాగా చేసి ఆకురాయి పని తొందరగా ముగించడం వల్ల. పెరుగన్నం, ఉప్మా, పాయసం లాంటివాటికి తెలియదు గానీ రసానికి తెలుస్తుంది. కొత్త స్పూను నాలుక మీద పెడితే పొడిబారినట్టు అనిపించడం సహజం, నూనె పట్టిస్తే పోతుంది. ఫోర్కుల విషయంలో అంత ఉత్సాహం అక్కర్లేదు. పళ్లు సన్నగా చేస్తే చివర్లు విరుగుతాయి, లావుగా చేస్తే ముక్కకు గుచ్చుకోవు. పండ్ల ముక్కలకు, నూడుల్స్‌కు సరిపోతాయి.

కలిపే స్పూనుగా మాత్రం దీనికి సాటి లేదు. నాన్‌స్టిక్ పెనానికి గీత పడదు, మట్టి చట్టి అడుగు గీరుకుపోదు, పిడి చెయ్యి కాల్చదు. చింతపండు పులుపుకు అల్యూమినియం గరిటె లొంగుతుంది, చెక్క లొంగదు. నెల్లూరు చేపల పులుసే తీసుకోండి. ఉల్లిపాయలు వేగేటప్పుడు, కారం నూనెలో మగ్గేటప్పుడు, పులుసు పోసి మరిగించేటప్పుడు అడుగంటకుండా గీరి కలపడానికి వెడల్పాటి చెక్క స్పూనే హాయి. చేప ముక్కలు పడ్డ తర్వాత దాని పని అయిపోయినట్టే. చట్టిని రెండువైపులా గుడ్డతో పట్టుకుని తిప్పాలి తప్ప లోపల ఏ గరిటే పెట్టకూడదు, చెక్కదైనా సరే. బొమ్మిడాయిలైతే మరీ, గరిటె తగిలితే ముక్క విడిపోతుంది. పులుసులో వేసే మామిడికాయ ముక్కలు కూడా అంతే, ఉడికాక కదిపితే చిదిమిపోతాయి.

చెక్క వాసన పట్టుకుంటుంది, అది దాని స్వభావం. పులుసులో తిరిగిన స్పూనుతో మర్నాడు సేమియా పాయసం కలిపితే ఇల్లంతా కనిపెట్టేస్తుంది. కనీసం రెండు పెట్టుకోవాలి, నీచుకు ఒకటి, పాలకూ తీపికీ ఒకటి. గుర్తు కోసం కాల్చిన మేకుతో పిడి చివర చుక్క పెడితే ఎన్నాళ్లయినా చెరగదు. పెయింటు చుక్క పెడితే నెలకే ఊడుతుంది, ఊడి కూరలో పడుతుంది.

దీన్ని వాడకూడని చోట్లు కూడా చెప్పాలి. దోసె తిప్పడానికి పనికిరాదు. చెక్క అంచు ఎంత పలచన చేసినా స్టీలు అట్లకాడలా దోసె కిందికి దూరదు, నెయ్యి కారం దోసె అయితే మధ్యలో చిరుగుతుంది. కాగే నూనెలో వడలు, బజ్జీలు తియ్యడానికీ వద్దు. అంత వేడికి చెక్కలోని తేమంతా బుడగలుగా వెళ్లిపోయి స్పూను నెర్రెలిస్తుంది. నూనె కాగిందో లేదో చూడ్డానికి పిడి చివర ఒక్క క్షణం ముంచడం మటుకు మంచి ఉపాయమే, చుట్టూ సన్న బుడగలు లేస్తే కాగినట్టు. అన్నిటికంటే పెద్ద తప్పు రాగి సంగటి కెలకడం. సంగటి బిగిసే కొద్దీ మెడ మీద పడే బలం ఉదయగిరి స్పూను తట్టుకోలేదు. దానికి మోచేయంత పొడుగున్న, మెడ అనేదే లేని తెడ్డు కావాలి. అన్నం వడ్డించే హస్తం మాత్రం ఉదయగిరిలో చేయించుకుంటే బావుంటుంది. ముందు నీళ్లలో ఒక్కసారి ముంచి తీస్తే మెతుకు అంటదు, కుక్కర్ గిన్నె పూత చెడదు.

ఆవకాయ జాడీకి చెక్క స్పూనే శ్రేష్ఠమని ఒక నమ్మకం ఉంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం పనికిరావన్న మాట నిజం, ఉప్పూ పులుపూ కలిసి వాటిని తింటాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు ఏమీ కాదు. చెక్కకు ఉన్న చిక్కేమంటే పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి దాచుకుంటుంది. ఆ తడే జాడీలో బూజుకు విత్తనం. రెండు రోజులు ఆరిన స్పూనైతే వాడుకోవచ్చు, వాడాక జాడీలోనే వదిలెయ్యకూడదు. తేనె సీసాకైతే ఏదైనా ఒకటే.

ఇక కొలత. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పాలి: ఉదయగిరి స్పూనుతో ఏదీ కొలవొద్దు. వంటల పుస్తకంలో టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్లు, డెజర్ట్ స్పూను 10, టేబుల్ స్పూను 15. అదీ అన్ని దేశాల్లో ఒకటి కాదు, ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లు. మనకిది వింతేమీ కాదు. నెల్లూరులో పుట్టి ధాన్యం అంటే 850 కిలోలు, జిల్లా దాటితే ఆ పుట్టి లెక్క వేరు. పేరు ఒకటే అయినంత మాత్రాన కొలత ఒకటి కానక్కర్లేదు.

చేత్తో చేసిన గుంటలో ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడొచ్చు. నాలుగు సెంటీమీటర్ల పొడుగు, రెండున్నర వెడల్పు ఉన్న కోడిగుడ్డు ఆకారం గుంటకు పైన వైశాల్యం దాదాపు ఎనిమిది చదరపు సెంటీమీటర్లు. ఉలి ఒక్క మిల్లీమీటరు లోతుగా దిగితే ముప్పావు మిల్లీలీటరు పెరుగుతుంది. ఐదు మిల్లీలీటర్ల కొలతలో అది పదిహేను శాతం. పసుపులో ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు, ఉప్పులో నాలుకకు తెలుస్తుంది. మీ స్పూనులో ఎంత పడుతుందో చూడాలంటే మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి తెచ్చుకోండి, సూది అక్కర్లేదు. స్పూనును ముందు తడిపి తుడవాలి, లేకపోతే మొదటి చుక్కలు చెక్కే తాగేస్తుంది. తర్వాత బల్ల మీద కదలకుండా పెట్టి, అంచు దాకా సిరంజితో నీళ్లు వదిలి ఎంత పట్టిందో చదవండి. అంచు ఒకవైపు ఎత్తు, ఒకవైపు తగ్గుగా ఉన్న స్పూన్లలో నీళ్లు తగ్గువైపు నుంచి పోతాయి, పొడి మాత్రం గుట్టగా నిలుస్తుంది. అదే స్పూను నీళ్లకు ఒక లెక్క, పొడికి ఒక లెక్క చెబుతుందన్నమాట.

అసలు స్టీలు టీ స్పూనుతో కొలిచినా తలకొట్టి కొలవాలి, అంటే నిండా తీసి పైన చాకు వెనక వైపుతో గీసెయ్యాలి. అలా తలకొట్టిన 5 మిల్లీలీటర్ల స్పూనులో మెత్తటి ఉప్పు సుమారు 6 గ్రాములు, చక్కెర 4, పసుపు 3, నూనె నాలుగున్నర. గుట్టగా తీస్తే ఇదంతా రెట్టింపు దాకా పోతుంది. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల కల్లుప్పు వాడేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఉప్పు రాళ్ల మధ్య గాలి ఉంటుంది గనక స్పూను నిండినా బరువు తగ్గుతుంది. యూట్యూబులో చూసి మెత్తటి ఉప్పు లెక్కకు కల్లుప్పు వేస్తే కూర చప్పగా రావడానికి కారణం అదే. పెద్దవాళ్లు రోజు మొత్తానికి తినాల్సిన ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన టీ స్పూను కూడా నిండకూడదు.

మందు దగ్గర ఇది రుచి విషయం కాదు, ప్రాణం విషయం. పిల్లల పారాసిటమాల్ సిరప్ ఒకే సైజు సీసాల్లో రెండు బలాల్లో వస్తుంది, 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి. దానికి తోడు టీ స్పూను బదులు టేబుల్ స్పూనుతో పోస్తే మూడింతలు పడుతుంది. వంటింటి స్పూను ఏదైనా సరే మందుకు వాడకూడదు, చెక్కది అసలే వాడకూడదు. కొంత సిరప్ అది పీల్చుకుంటుంది, ఆ తీపి లోపలే ఉండి బూజు పడుతుంది. సీసాతో వచ్చిన కొలత గీతల మూత గానీ సిరంజి గానీ వాడండి. డాక్టరు చీటీలో "ఒక స్పూను" అని ఉంటే "ఎన్ని ఎమ్మెల్ సార్?" అని అక్కడికక్కడే అడగండి. విరేచనాలప్పుడు ఇంట్లో కలిపే ఉప్పు చక్కెర నీళ్లదీ ఇదే లెక్క: లీటరు కాచి చల్లార్చిన నీళ్లకు ఆరు తలకొట్టిన టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు మేలు బదులు కీడు జరుగుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరికితే ఈ లెక్కలన్నీ వదిలేసి దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొడి ఒకేసారి కలపడం మంచిది.

బహుమతిగా ఇద్దామని కొనేవాళ్లకు ఒక ముక్క. ఇంగ్లీషువాళ్లకు చెక్క స్పూను ఇస్తే నవ్వుతారు, వాళ్లకది ఆఖరున వచ్చినవాడికిచ్చే బిరుదు. కేంబ్రిడ్జిలో గణితం ఆనర్స్ పరీక్షలో అందరికంటే అడుగున నిలిచి గట్టెక్కినవాడికి తోటి విద్యార్థులు చెక్క స్పూను ఇచ్చేవారు. 1909తో ఆ ఆచారం ఆగింది. ఆ చివరి స్పూను మీటరుకు పైగా పొడుగు, దాని పిడి పడవ తెడ్డుతో చేసినది. కెలికేదాన్నీ పడవ నడిపేదాన్నీ తెడ్డు అనే ఒకే మాటతో పిలిచే మనకు అందులో వింతేమీ కనిపించదు. రగ్బీలో ఆరు దేశాల పోటీలో అడుగున నిలిచిన జట్టుకు ఇప్పటికీ ఆ మాటే వాడతారు. గాలానికి కట్టే మెరిసే రేకు ఎరకూ, పాతకాలం గోల్ఫ్ కర్రకూ కూడా స్పూను అనే పేరుంది. మన బడుల్లోనేమో అది నిమ్మకాయ పందెం. పొదలకూరు నిమ్మకాయను ఉదయగిరి స్పూనులో పెట్టి పరుగెత్తితే స్టీలు దాని కంటే తేలిక, చెక్క మీద కాయ అంతగా జారదు. పందెం పెట్టేవాళ్లు అందరికీ ఒకే రకం ఇస్తే చాలు.

ఇంటికి తెచ్చిన రోజే కూరలో పెట్టెయ్యడం వల్లే సగం స్పూన్లు పాడవుతున్నాయి. ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి ఒక పగలు నీడన ఆరనివ్వండి. ఆరాక చేత్తో నిమిరితే గరుకుగా నూగు లేచినట్టు ఉంటుంది. తడికి పోగులు పైకి లేవడమే అది, సరుకు లోపం కాదు. 220 నంబరు ఉప్పు కాగితంతో పోగు వెంబడే రుద్దండి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. మళ్లీ తడిపి, ఆరబెట్టి, ఈసారి 400 నంబరుతో. నంబరు పెరిగే కొద్దీ కాగితం మెత్తన. రెండుసార్లు ఇలా చేస్తే నూగు మళ్లీ లేవదు. తర్వాత నూనె. మందుల షాపులో దొరికే వాసన లేని లిక్విడ్ పారఫిన్ అన్నిటికంటే నమ్మకం, అది ఎన్నాళ్లున్నా ముక్క వాసన రాదు. కొబ్బరి నూనె కూడా చాలావరకు ఫరవాలేదు. వేరుశెనగ నూనె, నువ్వుల నూనె వద్దు, కొన్నాళ్లకు జిగురు కట్టి కమురు వాసన వేస్తాయి. హార్డ్‌వేర్ షాపులో తలుపులకు అమ్మే కాచిన అవిసె నూనె అయితే ముట్టుకోవద్దు, త్వరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. నూనె ధారాళంగా పట్టించి, అరగంట ఆగి, మిగిలింది తుడిచి రాత్రంతా వదిలెయ్యాలి. గుంట కొసలో, పిడి చివరన చెక్క ఎక్కువ తాగుతుంది, అక్కడ రెండోసారి పట్టించండి. వరసగా మూడు రోజులు ఇలా చేస్తే తర్వాత నెలకోసారి చాలు.

రోజువారీ సంరక్షణలో ఒకటే నియమం: నాననివ్వొద్దు. అంట్ల తొట్టిలో రాత్రంతా పడుకున్న స్పూను నీళ్లు తాగి ఉబ్బుతుంది, పొద్దున ఎండలో పెడితే పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు. ఆ లాగుడుకు గుంట కొసన నెర్రె పడుతుంది. "నెల తిరక్కుండానే" అనేవాళ్ల కథ నూటికి తొంభై ఇదే. వాడిన వెంటనే కడిగి, తుడిచి, గుంట పైకి ఉండేలా గాలి ఆడే స్టాండులో నిలబెట్టండి. స్టాండు అడుగున నీళ్లు నిలవకూడదు. నెల్లూరులో వాన ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కుమ్మరిస్తుంది, ఆ మూడు నెలలూ నల్లచుక్కల బూజుకు పండగ. పైపైన పడితే వెనిగర్‌తో రుద్ది, ఆరబెట్టి, కాస్త ఉప్పు కాగితం వెయ్యొచ్చు. లోపలికి దిగితే పారెయ్యడమే. పసుపు మరకకు మాత్రం సోపులతో కుస్తీ అక్కర్లేదు. పసుపు రంగు ఎండకు ఆగదు, నానబెట్టకుండా పైపైన తడిపిన స్పూనును ఓ గంట ఎండలో పెడితే చాలావరకు వెలిసిపోతుంది. చేపల వాసనకు నిమ్మచెక్క మీద ఉప్పు చల్లి రుద్దాలి. నెర్రె పడ్డ స్పూనును ఫెవికాల్‌తో, ఇన్‌స్టంట్ గమ్‌తో పూడ్చి మళ్లీ వంటకు వాడొద్దు.

పిడి మీద జాలీ చెక్కుడు, లతలు ఉన్న స్పూన్ల ధర ఎక్కువ, ఆ పనికి అంత ఇవ్వడం న్యాయమే. కాకపోతే ఆ సందుల్లో మసాలా దూరితే బ్రష్షు పెట్టినా రాదు. బిర్యానీ వడ్డనకు, బల్ల మీద అలంకారానికి, పెళ్లి కానుకకు వాటిని ఉంచుకుని పొయ్యి దగ్గరకు సాదా పిడి తీసుకోండి. 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పూన్ల మీద దేశమంతా నిషేధం వచ్చాక ఐస్‌క్రీం బండ్ల దగ్గర కనిపిస్తున్న పలచటి చెక్క స్పూన్లకూ వీటికీ సంబంధం లేదు. అవి పలచటి చెక్క రేకును యంత్రం మీద అచ్చు కొట్టి తీసేవి.

చెప్పి చేయించుకునేవాళ్లు పొడుగు అంగుళాల్లో చెప్పండి, లోతు గిన్నె పనికైతే పన్నెండు అంగుళాలకు తగ్గకూడదు. పక్కకు వాలిన అంచు ఉన్న కలిపే స్పూను అడిగితే మామూలుగా కుడిచేతివాటానికే చేసిస్తారు. ఎడమచేతివాళ్లు దాంతో గిన్నె అడుగు గీరితే అంచు కొస మాత్రమే తగిలి మిగతాదంతా గాల్లో ఉంటుంది. వాలు రెండోవైపుకు ఉండాలని ముందే గీసి చూపించండి.